మండువాకు స్తంభాలెన్ని?

సంపాదకుల వారికి నమస్కారం.

రెండు వారాల క్రితం ఈ పేజీలోనే ఒక పాఠకుడి ఉత్తరం చదివాను. పిల్లల దగ్గరికి విదేశాలు వెళ్ళిన పెద్దవాళ్ళు కొందరు అక్కడి కట్టడాల ముందు కూర్చుని బొమ్మలు గీస్తున్నారట. జేబులో అంత మంచి కెమెరా పెట్టుకుని గంటల తరబడి పెన్సిలుతో కుస్తీ పట్టడం తీరిక ఎక్కువైన వాళ్ళ పని అని ఆయన తేల్చేశారు. ఆ కొందరిలో నేనొకణ్ణి. తీరిక ఎక్కువైన మాటా నిజమే, రిటైరై పదకొండేళ్ళయింది. ఆ తీరికలోంచే ఈ జవాబు రాస్తున్నాను. స్థలం చాలక కత్తిరించవలసి వస్తే నా సొంత కబుర్లు కత్తిరించండి, కొలతలు మాత్రం ఉంచండి.

నేను నీటిపారుదల శాఖలో ట్రేసరుగా చేరి హెడ్ డ్రాఫ్ట్స్‌మన్‌గా దిగిపోయాను. 34 ఏళ్ళు తూములు, లాకులు, రెగ్యులేటర్లు గీసిన చెయ్యి ఇది. మా ఊరికి పక్కనే గన్నవరం అక్విడెక్టు. గోదావరి వైనతేయ పాయ మీదుగా కాలువను దాటించి అవతలి లంకలకు నీళ్ళిచ్చిన పాత కట్టడం అది. 49 ఖానాలు (కమానుల కింది ఖాళీలు), ఖానా ఒక్కింటికి 40 అడుగులు. కాటన్ దొర కింద పనిచేసిన హేగ్ అనే లెఫ్టినెంటు కట్టించాడు. 2000 సంవత్సరంలో పక్కనే డొక్కా సీతమ్మ గారి పేరుతో కొత్తది వచ్చింది గాని, పాతదాని కమానులు చూస్తే ఇప్పటికీ నాకు చూపు తిప్పుకోబుద్ధి కాదు. ఆ కమానులను ట్రేసింగ్ గుడ్డ మీద ఎన్నిసార్లు దించానో లెక్క లేదు. అదంతా ఆఫీసు బల్ల మీద, ఎవరో గీసిన గీత మీద నా గీత. ఏటిగట్టు మీద కూర్చుని, కళ్ళతో చూస్తూ ఒక్క కమాను కూడా గీయలేదు. ఈ సంగతి నాకు తట్టింది ఇక్కడ కాదు.

గత వేసవిలో మా అమ్మాయి దగ్గరికి నెదర్లాండ్స్ వెళ్ళాం. డెల్ఫ్ట్ అనే ఊరు. ఆ పేరు మా ఆఫీసులో వినిపిస్తూ ఉండేది. నీటి ఇంజనీర్లకు అది కాశీ లాంటిది. అన్ని దేశాల ఇంజనీర్లకూ నీటి చదువు చెప్పే సంస్థ 1957 నుంచి అక్కడ ఉంది. దేశంలో నాలుగో వంతు సముద్ర మట్టం కంటే కిందే. కాలువలు, గట్లు, లాకులు, అడుగడుక్కీ వంతెన. కోనసీమ వాడికి పరాయి ఊరనిపించదు. కొబ్బరి చెట్లు ఉండవు, అంతే తేడా.

అమ్మాయి, అల్లుడు ఎనిమిదింటికల్లా సైకిళ్ళెక్కి వెళ్ళిపోతారు. మనవడు బడికి. మా ఆవిడ రెండో రోజుకే వంటింటిని తన ఏలుబడిలోకి తెచ్చుకుంది. నాకేం పని? వారం రోజులు కిటికీలోంచి వాన చూశాను. పార్కులో మనవైపు నుంచి వచ్చిన మరో తండ్రి కలిస్తే ఇద్దరం కలిసి కాసేపు చలిని తిట్టుకునేవాళ్ళం. ఇది గమనించి మా అమ్మాయి ఒక సాయంత్రం అరచేతి కన్నా కాస్త పెద్దదైన నోటు పుస్తకం, 2బి పెన్సిళ్ళు నాలుగు తెచ్చి బల్ల మీద పెట్టింది. “నాన్నా, అన్నేళ్ళు గీసిన చెయ్యి ఊరికే ఉంటే పట్టేస్తుంది” అంది. కాగితం దళసరిగా ఉంది. దాన్ని తడిమి చూడగానే నాకు సగం హుషారు వచ్చింది.

మర్నాడు బజారు కూడలిలో కొత్త చర్చి ముందు కూర్చున్నాను. పేరుకు కొత్తది గాని కొన్ని వందల ఏళ్ళది. దాని శిఖరం దాదాపు 109 మీటర్లు. కింది నుంచి మొదలుపెట్టి శ్రద్ధగా గీసుకుంటూ పోయాను. మూడింట రెండు వంతులు అయ్యేసరికి కాగితం అయిపోయింది. హెడ్ డ్రాఫ్ట్స్‌మన్! స్కేలు నిర్ణయించకుండా గీత మొదలుపెట్టిన ట్రేసరు కుర్రాళ్ళను ఎంతమందిని తిట్టి ఉంటానో.

మూడో రోజు పాత చర్చికి వెళ్ళాను. దాని గోపురం (చర్చికి గోపురం అనవచ్చో లేదో, నాకు మరో మాట తోచడం లేదు) 75 మీటర్ల ఎత్తు. నిటారు నుంచి రెండు మీటర్ల దాకా పక్కకు ఒరిగి ఉంటుంది. 14వ శతాబ్దంలో చోటు చాలక ఒక కాలువను పూడ్చి ఆ పూడిక మీద లేపారు. కడుతుండగానే కుంగింది. మేస్త్రీలు పైకి పోయే కొద్దీ సర్దుకుంటూ కట్టారు. అందుకని నెత్తి మీది నాలుగు చిన్న బురుజులు మాత్రం నిటారుగా ఉంటాయి. ఈ కథంతా నాకు అప్పటికి తెలియదు. కాలువ గట్టున బెంచీ మీద కూర్చుని గంటన్నర గీశాను. పక్కన ఒక డచ్చి పెద్దాయన వచ్చి కూర్చున్నారు. డెబ్భై దాటి ఉంటాయి. నా పుస్తకంలోకి తొంగి చూసి నవ్వారు. “ఏడు వందల ఏళ్ళుగా మాకు చేతకాని మరమ్మతు మీరు ఒక్క పూటలో చేసేశారు” అన్నారు.

చూసుకుంటే నిజమే. గోపురం తూకం గుండు వేసి కట్టినట్టు నిలబడి ఉంది. కళ్ళెదుట అంత ఒరిగి ఉన్నదాన్ని నా చెయ్యి నిటారుగా గీసేసింది. 34 ఏళ్ళు నిలువు గీత అంటే సెట్ స్క్వేరు అంచే కదా. కన్ను చూసినదాన్ని చెయ్యి నమ్మలేదు. మా అల్లుడి ఫోనులోనూ ఒక మీట నొక్కితే ఫోటోలో ఒరిగిన గోడలు నిటారైపోతాయి. కాబట్టి, ఉత్తరం రాసిన పాఠక మిత్రమా, ఫోను మీద నాకు కోపమేమీ లేదు. అదీ నేనూ ఒకే తప్పు చేశాం. కాకపోతే నా తప్పు నాకు తెలిసి వచ్చింది.

రెండోసారి గీయడానికి పాత పద్ధతే పట్టాను. చెయ్యి పూర్తిగా చాపి, ఒక కన్ను మూసి, పెన్సిలును నిలువుగా పట్టుకోవాలి. గోపురం అంచుకూ పెన్సిలుకూ మధ్య ఎంత ఖాళీ వస్తుందో చూడాలి. అదే పెన్సిలు మీద బొటనవేలు జరుపుతూ వెడల్పు ఒకటనుకుంటే ఎత్తు ఎన్ని రెట్లో లెక్కపెట్టుకోవాలి. ఎత్తు తెలియని చోట గుమ్మం ముందు నిలబడ్డ మనిషిని కొలబద్ద చేసుకోవాలి. ఇటుక గోడ అయితే మరీ సులువు. ఒక్క ఇటుక వరస మందం కనిపెడితే మిగతాది వరసలు లెక్కపెట్టుకోవడమే. టేపు పట్టుకుని పరాయివాళ్ళ గోడల మీద పడనక్కర్లేదు.

ఆ పెద్దాయన రోజూ అదే వేళకు వచ్చేవారు. కాలువల వెంట ఉన్న పాత ఇళ్ళను ఎలా చూడాలో ఆయనే నేర్పారు. వీధి వైపు చాలా సన్నగా, లోపలికి బాగా పొడుగ్గా ఉంటాయి. కప్పును దాచే ముఖగోడ ఒక్కో ఇంటికి ఒక్కో తీరు. ఒకటి మెట్లు మెట్లుగా, ఒకటి గంట ఆకారంలో, ఒకటి మెడ సాచినట్టు. అన్నిటి నెత్తినా ఒక దూలం వీధిలోకి పొడుచుకొచ్చి, చివర కొక్కెం వేలాడుతూ ఉంటుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో అయితే వీధి వీధంతా ఇదే వరస. మొదట్లో నేను ఆ దూలాన్ని అలంకారం అనుకుని గీయకుండా వదిలేశాను. మూడు ఇళ్ళు గీశాక అనుమానం వచ్చి అడిగాను. లోపలి మెట్లు ఇరుకు. బల్లలూ మంచాలూ ఎక్కవు. తాడు వేసి కొక్కెం మీదుగా లాగి కిటికీలోంచి లోపలికి దించుతారు. సరుకు గోడకు రాసుకోకుండా గోడను కావాలనే కాస్త ముందుకు వాల్చి కట్టారు. చూశారా, పాత చర్చి ఒరిగింది పునాది తప్పి, ఈ ఇళ్ళు వాలింది మేస్త్రీ తెలివితో. ఫోటోలో రెండూ ఒకలాగే కనిపిస్తాయి.

ఇంకొక మాట. ఆ కొక్కేలకు వేలాడిన మూటల్లో మన బట్ట కూడా ఉండి ఉంటుంది. 17వ శతాబ్దంలో డచ్చి వర్తకులు పాలకొల్లులో దుకాణం పెట్టి గోదావరి నేత కొనుక్కుపోయారు. వాళ్ళ తూర్పు ఇండియా కంపెనీకి ఉన్న ఆరు శాఖల్లో డెల్ఫ్ట్ ఒకటి. దాని భవనం పాత చర్చి పక్క కాలువ ఒడ్డునే ఇప్పటికీ ఉంది. రెండు పూటలు కూర్చుని గీశాను. మా వైపు మగ్గం మీద నుంచి దిగిన తాను ఇంత దూరం వచ్చి ఏ అటక ఎక్కిందో అనుకుంటూ గీస్తుంటే కిటికీలు లెక్క తప్పాయి.

ఆమ్‌స్టర్‌డామ్ రాజప్రాసాదం సంగతి కూడా చెప్పి అసలు విషయానికి వస్తాను. 1648లో మొదలైన ఆ రాతి భవనం 13,659 కొయ్య గుంజల మీద నిలబడి ఉంది. బురద నేలలోకి దిగగొట్టిన గుంజలవి. అక్కడ పిల్లలకు ఆ అంకె గుర్తుండడానికి ఒక చిట్కా చెబుతారు: ఏడాదికి 365 రోజులు, ముందు ఒకటి, వెనక తొమ్మిది. ఇసుక నేలలో నూతులు దించి పునాదులు వేసే మా వాళ్ళకు ఈ గుంజల కథ చెబితే రాత్రి తెల్లవార్లూ వింటారు.

జూన్ నెలలో అక్కడ రాత్రి పదింటి దాకా వెలుతురు ఉంటుంది. అలాంటి ఒక సాయంత్రం పెద్దాయన అడిగారు, “మా ఇళ్ళన్నీ గీశారు, మీ ఇల్లు ఎలా ఉంటుంది?” అని. ఇప్పుడుంటున్న డాబా గురించి చెప్పడానికి ఏముంది. మా తాతగారు కట్టించిన మండువా లోగిలి గీద్దామని కొత్త పేజీ తీశాను. వీధి అరుగులు, సింహద్వారం, చావడి, మధ్యలో కప్పు లేకుండా ఆకాశానికి తెరిచి ఉన్న మండువా, చుట్టూ వసారా, వెనక వంటిల్లు, పెరట్లో నుయ్యి. నాలుగు వైపుల పెంకు వాలు మండువాలోకి దిగుతుంది. వానాకాలం మూలల్లోని రేకు కాలువల కింద గంగాళాలు పెట్టేవాళ్ళం. ఇదంతా నోటితో గడగడా చెప్పాను. ప్లాను గీయబోయేసరికి పెన్సిలు ఆగిపోయింది. మండువా చుట్టూ స్తంభాలెన్ని? వంటింట్లోకి వసారా నుంచి ఒక మెట్టు దిగుతామా, ఎక్కుతామా? అటక నిచ్చెన ఏ గోడకు? పుట్టి పెరిగిన ఇల్లు. స్తంభాన్ని పట్టుకుని నడక నేర్చుకున్న ఇల్లు. అక్విడెక్టుకు ఖానాలు 49 అని నిద్రలో అడిగినా చెబుతాను.

ఆ రాత్రి తిండి సయించలేదు. అప్పటికి ఇక్కడ అర్ధరాత్రి కాబట్టి తెల్లారే దాకా ఆగి రాజోలులో ఉన్న అక్కయ్యకు ఫోను చేశాను. “పన్నెండు. ఒక్కో వైపు నాలుగు, మూలలతో కలిపి” అంది ఆలోచించకుండా. హైదరాబాదులో ఉన్న తమ్ముడు అంత ధీమాగానూ ఎనిమిదన్నాడు. నాలుగు స్తంభాలాట ఆడేటప్పుడు ఏ స్తంభం ఎవరిదో కూడా చెప్పాడు. ఇద్దరూ ఒకరి మాట ఒకరికి చెప్పవద్దని నన్ను కోరారు గాని, పొద్దెక్కేలోగా వాళ్ళే ఫోను చేసుకుని పోట్లాడుకున్నారు.

ఇల్లు ఉంటే వెళ్ళి లెక్కపెట్టి రావచ్చు. 1996 నవంబరు తుపానుకు సగం పెంకు లేచిపోయింది. రెండేళ్ళు తాటాకు కప్పి నెట్టుకొచ్చాం. తర్వాత పంపకాల్లో స్థలం అమ్మేశాం. టేకు స్తంభాలు, ద్వారబంధాలు పాత కలప వ్యాపారి లారీకి ఎత్తుకుపోయాడు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. లారీ లెక్క చూసి డబ్బు తీసుకున్నది కూడా నేనే. స్తంభాలెన్నో ఆ కాగితం మీద రాసే ఉంటాను. ఆ కాగితం ఎక్కడుందో!

ఫోటోలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. అక్కయ్య పెళ్ళి ఫోటోలు, 1979లోవి, తమ్ముడు ఫోనుకు పంపాడు. ముప్ఫై రెండు ఫోటోల్లో మనుషులే మనుషులు. ఇల్లంతా వాళ్ళ వెనక దాక్కుంది. పందిరి వేసి మండువా కప్పేశారు. ఒక్క ఫోటోలో మాత్రం అమ్మ పళ్ళెం పట్టుకుని స్తంభం పక్కన నిలబడి ఉంది. స్తంభం కింది దిమ్మ నుంచి పైన దూలం దాకా కనిపిస్తోంది. అమ్మ ఎత్తు నాకు తెలుసు, నాలుగడుగుల పది అంగుళాలు. ఫోను తెర మీద కాగితం ముక్క పెట్టి కొలిచాను. స్తంభం అమ్మకు ఒకటిన్నర రెట్లు, ఆ పైన కొంచెం. ఏడున్నర అడుగులు. అలా అమ్మను కొలబద్ద చేసుకుని స్తంభం, స్తంభాన్ని బట్టి దూలం, దూలాన్ని బట్టి కప్పు వాలు తేల్చాను. పది రోజులు పట్టింది. మా ఆఫీసు పద్ధతిలో నిర్ధారణ కాని భాగాన్ని చుక్కల గీతతో చూపిస్తాం. ఎనిమిది స్తంభాలు నిండు గీతలో వేసి, మిగతా నాలుగూ చుక్కల్లో వేశాను. పెద్దాయనకు చూపిస్తే ఆయన నవ్వలేదు. ఆ నాలుగు చుక్కల చతురస్రాల మీద వేలు పెట్టి చాలాసేపు చూశారు.

ఫోను ఉండగా బొమ్మ ఎందుకన్న ప్రశ్నకు అక్కడివాళ్ళు ఎప్పుడో జవాబు చెప్పుకున్నారు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం 2015లో, ఫోటోలు తగ్గించి బొమ్మలు గీయండని సందర్శకులను ప్రోత్సహించింది. నేను వెళ్ళిన రోజు నేల మీద బాసింపట్టు వేసుకుని గీస్తున్న పిల్లలను చూశాను. పరాయి దేశం ముచ్చట మనకెందుకంటారా? మన అమరావతి స్తూపం సంగతి చూడండి. అంతకు ముందొకసారి చూసి వెళ్ళిన ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కల్నల్ మెకంజీ 1816లో మళ్ళీ వచ్చి తన మనుషుల చేత శిల్పాలను ఒక్కొక్కటిగా గీయించాడు. ఆ తర్వాత ఎన్నో రాళ్ళు సున్నపు బట్టీల పాలయ్యాయి, కొన్ని చెదిరిపోయి ఎక్కడెక్కడికో చేరాయి. కొన్ని శిల్పాలు ఎలా ఉండేవో ఇవాళ ఆ బొమ్మల వల్లే తెలుస్తోంది. చండీగఢ్‌ను రూపొందించిన కార్బూజియే కూడా 1911లో, ఇరవై మూడేళ్ళ వయసులో, ఇస్తాంబుల్, ఏథెన్స్ తిరుగుతూ పుస్తకాల నిండా గీసుకున్నాడు. ఆయనకు తీరిక ఎక్కువై కాదనుకుంటాను.

ఆగస్టులో తిరిగొచ్చాక అంబాజీపేట వైపు ఒక ఊళ్ళో రోడ్డు పక్కన ఇంకా నిలిచి ఉన్న మండువా ఇల్లు కనబడింది. ఎదుటి టీ దుకాణం బల్ల మీద కూర్చుని పెన్సిలు చాపి ఒక కన్ను మూశాను. ఐదు నిమిషాలైందో లేదో, ఇంటాయన దస్తావేజులు చేత్తో పట్టుకుని పరుగున వచ్చారు. “ఎన్ని అడుగుల దాకా పోతుందండీ?” అన్నారు. రోడ్డు వెడల్పు చేయడానికి కొలతలకు వచ్చానని ఆయన భయం. డెల్ఫ్ట్‌లో మూడు నెలలు గీస్తే ఎవరూ అడ్డం రాలేదు. మన దగ్గర పెన్సిలు పట్టుకుని ఇంటి వంక చూసేవాడు ఇల్లు కూల్చడానికే వస్తాడని జనం నమ్మకం. ఆయన్ను తప్పుపట్టలేను.

సంగతి చెప్పాక లోపలికి తీసుకెళ్ళి కాఫీ ఇచ్చారు. ఎవరూ కూల్చనక్కర్లేదనీ, పిల్లల కోసం తానే దసరా వెళ్ళాక కూల్చి మూడంతస్తులు వేస్తున్నాననీ చెప్పారు. నేను సలహా ఏమీ ఇవ్వలేదు. మేం మాత్రం చేసిందేమిటి? నాలుగు రోజులు టైమడిగి టేపు తెచ్చాను. ఒక కొస ఆయన పట్టుకున్నారు, ఒక కొస నేను. ప్లాను, నిలువు కోత (ఇంటిని నిలువునా కోసినట్టు చూపే బొమ్మ), సింహద్వారం మీది చెక్కడం, గానుగ సున్నం పూత లేచిన చోట ఇటుక కొలత, అన్నీ రాసుకున్నాను. మండువా చుట్టూ స్తంభాలు పన్నెండు. రెండుసార్లు లెక్కపెట్టాను. కార్తీకంలో ఆ దారిన వెళ్తే స్థలం చదునుగా ఉంది. ఆయన ఒక జెరాక్స్ తీయించుకున్నారు. గోడకు పెడతారో బీరువాలో పెడతారో తెలియదు.

సంపాదకుల వారికి నా మనవి ఇంతే. మీ జిల్లా పేజీలో వారానికి నాలుగంగుళాల చోటు ఇవ్వండి. పాఠకులు తమ ఇంటినో, పక్కింటినో, పాత లాకునో, ఊరి సత్రాన్నో చేత్తో గీసి పంపితే అచ్చువేయండి. బొమ్మ అందంగా లేకపోయినా పరవాలేదు. పక్కన మూడు కొలతలు ఉండాలి: వెడల్పు, పొడుగు, ఎత్తు. టేపు లేనివాళ్ళు ఇంట్లో ఒక మనిషిని పక్కన నిలబెట్టి గీసి, ఆ మనిషి ఎత్తు రాసి పంపవచ్చు. బళ్ళకు సెలవులు రాబోతున్నాయి. పిల్లలకు ఒక పూట పని. విదేశాలు వెళ్ళే నా ఈడు వాళ్ళకూ ఒక మాట. పుస్తకం, పెన్సిలు సంచిలో వేసుకోండి, అయితే విమానం ఎక్కే ముందు మీ ఇంటి ప్లాను ఒకసారి గీసి చూసుకోండి.

కోనసీమలో మండువా ఇల్లు కూల్చబోతున్నవారు ఎవరైనా ఉంటే, వారం ముందు మీ పత్రిక ద్వారా కబురు చేస్తే నేను వస్తాను. డబ్బు అక్కర్లేదు. కూర్చోవడానికి ఒక ముక్కాలిపీట ఇస్తే చాలు, టేపు నేనే తెచ్చుకుంటాను. రెండో కొస పట్టుకోవడానికి ఇంట్లో ఒకరు ఉండాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత డ్రాఫ్ట్స్‌మన్,
పి.గన్నవరం మండలం, కోనసీమ.